ముప్పయ్యో గీత

ట్రంకు రోడ్డు మీంచి సందులోకి తిరిగితే
దర్జీ కొట్టుకీ జిరాక్సు కొట్టుకీ నడుమ
మనిషి పక్కకి తిరిగితేగానీ పట్టనంత చోటు.
కాలేషా గారి కెమెరాల ఆసుపత్రి.
రొట్టెల పండగ మర్నాడు
చెరువులో మునిగిన కెమెరాలన్నీ
ఇక్కడే బియ్యం డబ్బాల్లో పడుకుంటాయి.

నా కెమెరాకి నీళ్ళు తగల్లేదు.
దాని జబ్బు వేరు.
కావలిలో మూతబడ్డ ఓ స్టూడియో సామాన్లలో
పదిహేనువందలకి కొన్న పాత యాభై లెన్సు,
చేత్తో తిప్పాలి, తనంతట తాను దేన్నీ చూడదు.
అది తగిలించుకుని పెళ్ళికి పోతే
కళ్ళు తియ్యబోయిన చోటల్లా జూకాలొచ్చాయి.
చూసేటప్పుడు మాత్రం
అంతా తేటగానే ఉంది.

"లోపలుండే తెర అట్టాంటిది పాపా.
వెలుతురు బాగా ఇస్తది, నిజం చెప్పదు.
ముక్కు, కన్ను, వెనకాల తోరణం
అన్నీ బాగుండాయి, బాగుండాయి అంటది
పెళ్ళిళ్ళ పేరయ్య మాదిరి."

సొరుగులోంచి అగ్గిపెట్టె తీశాడు.
పత్తి మధ్యలో తపాలా బిళ్ళంత తెర.
ఏ ఫిల్ము కెమెరా గూట్లోంచి ఊడదీసిందో,
అంచులు ఆకురాయితో అరగదీసి
నా డిజిటల్ దానికి సరిపడా చేశాడు.
నడుమ చిన్న వృత్తం, దానికి అడ్డంగా ఒక కోత,
చుట్టూ చేప పొలుసుల్లా మెరిసే గరుకు.
"ఊపిరి తగలనియ్యొద్దు."
ఇద్దరం బిగబట్టాం.
జిరాక్సు మిషను ఆపలేదు.

అద్దం పైనున్న గొళ్ళెం నొక్కితే
పాత తెర జారి పట్టకారులో పడింది.
అప్పుడు గమనించాను, ఆయన చూడ్డంలేదు.
రెండు కళ్ళలోనూ పలచని గంజి రంగు.
వేళ్ళే తడుముకుంటూ పోయి
కొత్తదాన్ని దాని చోట కూర్చోబెట్టాయి.
"ఆపరేషన్ ఎప్పుడు?"
"రంజాను పోనీ."

దర్జీ నడిగి టేపు తెప్పించి
బల్ల మీద దూరంగా పోయేట్టు ఏటవాలుగా పరిచాడు.
"ముప్పై గీత మీద కలుపు.
కెమెరా పక్కకి వంచు మే,
అడ్డగీతని అడ్డంగా కోస్తే ఏం తెలుస్తాది?"

వంచాను. గీత రెండుగా తెగింది.
పై సగం ఒక దిక్కు, కింది సగం ఒక దిక్కు,
మాటల్లేని తోడికోడళ్ళు.
రింగు తిప్పుతుంటే జరిగి జరిగి
ఒకటయ్యాయి. నొక్కాను.

ఫొటోలో తేటగా ఉన్నది
ముప్పై రెండు.

"ఎంత?"
చెప్పాను.
ఉల్లిపొర కన్నా పలచని ఇత్తడి రేకొకటి
తెర వెనక దూర్చాడు.
"ఎంత?"
ఇరవై తొమ్మిది.
ఆ రేకు తీసి ఇంకా పలచనిది.
మళ్ళీ గొళ్ళెం, మళ్ళీ పట్టకారు, మళ్ళీ ఊపిరి.
"ఎంత?"

ఆరున్నరకి కోవూరులో రిసెప్షను.
ముప్పై అనేస్తే అయిపోతుంది.
ఆయన వచ్చి చూడగలిగేది లేదు,
నేనేం చెబితే అదే గీత.
బాగుంది, బాగుంది అనడం
నాకు మాత్రం రాదా.

"ముప్పయిన్నర" అన్నాను.

"అదీ!" అన్నాడు కాలేషా గారు
నేనేదో పరీక్ష పాసైనట్టు.
వేళ్ళతో రేకులన్నీ విడదీసి, ఒక్కోటీ గోటితో మీటి
ఆ చప్పుడు విని ఒకటి ఎంచాడు.

ఈసారి ముప్పై.
రెండుసార్లు తీశాను. ముప్పయ్యే.

"వెలుతురు లెక్క తప్పుద్ది దీంతో,
నువ్వే చూసి కలుపుకో" అని
మూడొందలు తీసుకుని, యాభై తిరిగిచ్చాడు.
సందులో పొద్దు వాలుతోంది.
దర్జీ లైటు వేశాడు.
మొదటి ఫొటో మీదే అంటే
చొక్కా పై గుండీ పెట్టుకుని కూర్చున్నాడు,
నా మీదికి కాక నా గొంతు మీదికి చూస్తూ.

వృత్తంలో పై సగం నల్లబడింది.
"పోయింది కాలేషా గారూ, సగం కనపళ్ళేదు."
"ఏం పోలా. అది బాగానే ఉండాది.
నీ కన్నే రవ్వంత జరుపు."

జరిపాను. వెలుతురొచ్చింది.
కళ్ళజోడు కాడ
చెవి దగ్గర రెండుగా తెగి ఉంది.
తిప్పుతున్నాను, ఇంకా.
కోవూరు వాళ్ళ ఫోను మోగుతోంది.